పూతా? పుట్టుకా? – లోహాల ఆనోడీకరణకు తెలుగు పరిభాష: విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

అల్యూమినియం, టైటానియం వంటి లోహాలమీద, వాటి మిశ్రమలోహాలమీద విద్యుద్విశ్లేషణ ద్వారా నానోరంధ్రాలు గల ఆక్సైడు పొరను పెంచే ప్రక్రియను ఆనోడీకరణం అంటారు. దీనిని తెలుగులో వివరించవలసి వచ్చినప్పుడు ముందుగా చేతికందే మాట ‘పూత’. ఆ మాట ప్రక్రియ స్వభావాన్ని తలకిందులు చేస్తుందన్నది ఈ వ్యాసం ప్రతిపాదన. లోహపు పైపొరలను చెప్పడానికి తెలుగులో ఉన్న క్రియలను ‘పట్టు’, ‘వేయు’, ‘కట్టు’ అనే మూడు వర్గాలుగా విభజించి, మూడవదాని ప్రేరణరూపమైన ‘కట్టించు’ ఈ ప్రక్రియకు సరిపోతుందని ఇందులో చూపడం జరిగింది. రంధ్రవాచకాల ఔచిత్యాన్ని, ‘సూక్ష్మ’, ‘నానో’ పదాల మధ్య భేదాన్ని, ప్రక్రియానామాన్ని కూడా ఇదే దృష్టితో చర్చించడమైనది.

కీలకపదాలు: ఆనోడీకరణం, ఆక్సైడు పొర, నానోరంధ్రాలు, మిశ్రమలోహాలు, శాస్త్రపరిభాష, వృత్తిపదాలు, ప్రేరణార్థకక్రియ.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో శాస్త్రపరిభాష గురించిన చర్చకు నూరేళ్ళు దాటిన చరిత్ర ఉంది. 1906లో ఏర్పడిన విజ్ఞానచంద్రికా మండలి, కొమర్రాజు వేంకట లక్ష్మణరావు విజ్ఞానసర్వస్వ కృషి, 1968లో స్థాపితమైన తెలుగు అకాడమి పాఠ్యగ్రంథాలు, పారిభాషిక పదకోశాలు ఈ చరిత్రలో ముఖ్యమైన మజిలీలు. మహీధర నళినీమోహన్, కొడవటిగంటి రోహిణీప్రసాద్, వేమూరి వేంకటేశ్వరరావు వంటి రచయితలు శాస్త్రాన్ని చదివించే వచనంగా మలిచారు. అయితే పరిభాషాచర్చ ఎక్కువగా నామవాచకాల చుట్టూనే తిరిగింది. ఆక్సిజన్‌ను ‘ఆమ్లజని’ అనాలా, ‘ప్రాణవాయువు’ అనాలా? అల్యూమినియాన్ని ‘స్ఫటం’ అనవచ్చునా? ఇటువంటి ప్రశ్నలకు దొరికినంత శ్రద్ధ, ఆ పదార్థాలు ఏమి చేస్తాయో చెప్పే క్రియలకు దొరకలేదు. శాస్త్రం పదార్థాల పేర్ల పట్టికతో ముగిసేది కాదు. జరిగే పనిని వివరించడమే దాని ప్రధానకార్యం. కనుక ఒక ప్రక్రియకు తప్పు క్రియను ఎంచుకుంటే, నామవాచకాలన్నీ సరిగా ఉన్నా వాక్యం అబద్ధమే చెబుతుంది.

ఈ ప్రతిపాదనను పరీక్షించడానికి ఆనోడీకరణం అనుకూలమైన ఉదాహరణ. ప్రాంతీయంగా కూడా ఇది దూరపు విషయం కాదు. తాడేపల్లిగూడెంలో 2015లో ఏర్పడిన జాతీయ సాంకేతిక విద్యాసంస్థలో లోహ, పదార్థశాస్త్ర ఇంజనీరింగు విభాగం ఉంది. 2021లో అఖిలభారత సాంకేతిక విద్యామండలి ప్రాంతీయభాషల్లో ఇంజనీరింగు బోధనకు అనుమతించినప్పుడు తెలుగు మాధ్యమానికి ముందుకు వచ్చిన కళాశాల ఆగిరిపల్లి మండలంలోనిది. 2022 పునర్విభజనలో ఆ మండలం ఏలూరు జిల్లాలో చేరింది. ఏలూరు, కైకలూరు, కొల్లేటి లంకల బడులలో తెలుగులో విజ్ఞానశాస్త్రం చదివిన విద్యార్థి లోహశాస్త్ర తరగతిలోకి తనవెంట ఏ మాటలను తీసుకువెళ్తున్నాడన్నది ఇక్కడ నిజమైన ప్రశ్న.

2. ప్రక్రియ స్వరూపం:

అల్యూమినియం గాలి తగలగానే ఆక్సిజన్‌తో కలిసి తనమీద తానే ఒక పలుచని ఆక్సైడు పొరను ఏర్పరచుకుంటుంది. దాని మందం కొద్ది నానోమీటర్లు మాత్రమే. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పదిలక్షల వంతు. ఇంత పలుచని పొరే లోపలి లోహాన్ని కాపాడుతుంది. కాని ఉప్పునీటిలోని క్లోరైడు అయానులు దానిని అక్కడక్కడ భేదించి గుంటలు పెట్టగలవు. ఉప్పుటేరు వెంబడి సముద్రపు ఉప్పదనం లోపలికి ఎగదన్నే కొల్లేటి ప్రాంతంలో లోహపు సామానుకు ఇది ఎప్పుడూ ఉండే ముప్పు.

ఈ సహజమైన పొరను మనిషి అవసరానికి తగినట్టు మందంగా పెంచడమే ఆనోడీకరణం. లోహాన్ని విద్యుద్ఘటంలో ధనధ్రువంగా, అంటే ఆనోడుగా అమర్చి, తగిన ఆమ్లద్రావణంలో విద్యుత్తును పంపుతారు. 1923లో బ్రిటన్‌లో బెంగో, స్టూవర్టులు క్రోమికామ్లంతో చేసే పద్ధతికి పేటెంటు పొందారు. సముద్రవిమానాలలోని డ్యురాలుమిన్ భాగాలను ఉప్పునీటినుంచి కాపాడడం దాని ప్రయోజనం. 1927లో గంధకికామ్లంతో చేసే పద్ధతి వచ్చింది. 1953లో కెల్లర్, హంటర్, రాబిన్సన్‌లు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూసి, ఈ పొర షడ్భుజాకారపు గదుల వరుస అనీ, ప్రతి గది నడుమ ఒక రంధ్రం ఉంటుందనీ వివరించారు. 1995లో జపాన్‌లో మసుదా, ఫుకుదాలు ఈ రంధ్రాలను ఎంతో క్రమబద్ధంగా తీర్చగలమని చూపారు. 1999లో జ్విల్లింగ్ బృందం ఫ్లోరైడు కలిసిన ద్రావణంలో టైటానియం మీద, దాని మిశ్రమలోహం మీద ఇటువంటి రంధ్రయుత ఆక్సైడును పెంచింది.

రంధ్రాల మధ్య దూరం వోల్టేజిని బట్టి మారుతుంది. స్థూలంగా ఒక్కొక్క వోల్టుకు రెండున్నర నానోమీటర్లు. గంధకికామ్లంలో 25 వోల్టుల దగ్గర సుమారు 63 నానోమీటర్లు, ఆక్సాలికామ్లంలో 40 వోల్టుల దగ్గర సుమారు 100 నానోమీటర్లు, ఫాస్ఫారికామ్లంలో 195 వోల్టుల దగ్గర సుమారు 500 నానోమీటర్ల ఎడం ఉంటుంది.

ఈ వ్యాసానికి కీలకమైన అంశం పొర పెరిగే తీరు. రంధ్రం అడుగున రంధ్రంలేని పలుచని అడ్డుపొర ఒకటి ఎప్పుడూ ఉంటుంది. విద్యుత్ క్షేత్రం దానిమీద తీవ్రంగా పనిచేస్తుంది. లోపలినుంచి అల్యూమినియం అయానులు వెలుపలికి, ద్రావణంలోని నీటినుంచి ఆక్సిజన్‌ను మోసే అయానులు లోపలికి ప్రయాణిస్తాయి. లోహానికీ ఆక్సైడుకూ మధ్యనున్న హద్దు దగ్గర కొత్త ఆక్సైడు పుడుతుంది. ఆ హద్దు క్రమంగా లోహంలోకి దిగుతుంది. అంటే అన్నిటికంటే పైనున్న భాగం అన్నిటికంటే పాతది, లోహాన్ని ఆనుకుని ఉన్నది అన్నిటికంటే కొత్తది. పొరలో కొంత భాగం లోహపు పాత హద్దుకు లోపల, కొంత భాగం వెలుపల ఉంటుంది.

3. లోహపు పైపొరకు తెలుగులో మూడు క్రియలు:

3.1 ‘పట్టు’: ఇనుముకు తుప్పు పడుతుంది. రాగికి, ఇత్తడికి చిలుము పడుతుంది. ఈ ‘పట్టు’ క్రియ తెలుగులో ఎక్కడెక్కడ వస్తుందో గమనించాలి. చీడ పట్టడం, బూజు పట్టడం, పాచి పట్టడం, మసి పట్టడం, గ్రహణం పట్టడం, దయ్యం పట్టడం. వీటన్నిటిలో బయటినుంచి వచ్చినది వస్తువును ఆక్రమిస్తుంది. వస్తువు బాధితురాలు. పాఠ్యపుస్తకాలలో స్థిరపడిన ‘లోహక్షయం’ కూడా ఈ కోవలోనిదే. క్షయమనే మాటలో తరుగుదలతోపాటు రోగచ్ఛాయ కూడా ఉంది. రసశాస్త్రం మరొక అడుగు ముందుకు వేసింది. లోహాన్ని పుటంపెట్టి భస్మంగా మార్చడాన్ని ‘మారణం’ అన్నది. తిరిగి లోహంగా మారని భస్మాన్ని ‘నిరుత్థం’ అని మెచ్చుకున్నది. అంటే ఆక్సైడును లోహానికి మరణంగా చూసే దృష్టి మన సంప్రదాయంలో బలంగా ఉంది. ఇక్కడ పరిశీలన ఎంత నిశితమో చెప్పనక్కరలేదు. కాని ఆ పదజాలంలో ఆక్సైడు లోహానికి రక్షకుడయ్యే అవకాశం లేదు.

3.2 ‘వేయు’, ‘పూయు’: ఇత్తడి గిన్నెకు కళాయి వేస్తారు. ఇనుప ఊచలకు రంగు వేస్తారు. చవక నగకు బంగారు గిల్టు పూస్తారు. ఇక్కడ కర్త మనిషి. పొర పదార్థం వేరు, అడుగున ఉన్న లోహం వేరు. కళాయి తగరం, గిన్నె ఇత్తడి. పొర పోతే మళ్ళీ వేయించుకోవచ్చు. ఈ రెండు పదార్థాల భేదంనుంచే ‘గిల్టు’ అనే మాటకు కపటమనే వ్యంగ్యార్థం వచ్చింది. పైన ఒకటి, లోపల ఒకటి అన్నది ‘పూత’ అనే భావనలోనే ఉంది.

3.3 ‘కట్టు’: పాలు మీగడ కడతాయి. నీళ్ళు గడ్డకడతాయి. పుండు పక్కుకడుతుంది. ఈ వాక్యాల వ్యాకరణం ప్రత్యేకమైనది. మొదటి వర్గంలో ‘ఇనుముకు తుప్పు పట్టింది’, రెండవ వర్గంలో ‘గిన్నెకు కళాయి వేశారు’ అన్నప్పుడు లోహం ‘కు’ ప్రత్యయంతో నిలబడి జరిగిన పనిని అనుభవిస్తుంది. ‘ఇనుము తుప్పుపట్టింది’ అనే వాడుక ఉన్నప్పటికీ అందులోనూ ఇనుము ఆక్రమణకు లోనైనదే. మూడవ వర్గంలో మాత్రం ‘పాలు మీగడ కట్టాయి’ అంటాం. పాలే కర్త. మీగడ పాలనుంచి వచ్చినదే. పుండుమీది పక్కు శరీరం తనను కాపాడుకోవడానికి తనలోనుంచే తెచ్చుకున్న పొర.

ఆనోడీకరణంలో జరిగేది సరిగ్గా ఇదే. అల్యూమినియం ఆక్సైడు పొర కడుతుంది. అది గాలిలో దానంతట అది చేసే పనే. విద్యుత్తుతో మనిషి ఆ పనిని ప్రేరేపిస్తాడు, నియంత్రిస్తాడు. తెలుగు వ్యాకరణంలో దీనికి సిద్ధంగా ఉన్న రూపం ప్రేరణార్థకం. కనుక ఆనోడీకరణం అంటే లోహం చేత ఆక్సైడు పొర కట్టించడం. ‘కట్టించు’లో ఇద్దరు కర్తలున్నారు. చేయించేవాడు మనిషి, చేసేది లోహం. ఈ ప్రక్రియ భౌతికసత్యం ఆ ఇద్దరు కర్తల మధ్య సంబంధంలోనే ఉంది.

4. ‘పూత’ వల్ల కలిగే నష్టం:

జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి పదవ తరగతి విజ్ఞానశాస్త్ర పుస్తకంలో ‘లోహాలు, అలోహాలు’ అధ్యాయంలో ఆనోడీకరణంపై ఒక చిన్న వివరణ ఉంది. ఆంధ్రప్రదేశ్ పాఠశాలలు ఇటీవల ఈ పాఠ్యప్రణాళికను ద్విభాషాపుస్తకాల రూపంలో స్వీకరించాయి. ఆ ఆంగ్లమూలం ఆక్సైడును ‘కోటు’ అనే అర్థంలోనే పేర్కొంటుంది. ఆనోడు దగ్గర వెలువడిన ఆక్సిజన్ వాయువు అల్యూమినియంతో చర్యజరిపి పొరను మందం చేస్తుందని వివరిస్తుంది. పదవ తరగతికి ఈ సరళీకరణ అవసరమే కావచ్చు. అయితే దాని పర్యవసానం గమనించదగినది. బయట వాయువు పుట్టి, వచ్చి, లోహం మీద కూర్చుంటుందనే చిత్రం ఏర్పడుతుంది. లోహానికీ ఆక్సైడుకూ మధ్య హద్దులో అయానుల రాకపోకలవల్ల పొర పుడుతుందన్న విషయం మరుగున పడుతుంది. ఇటువంటి మూలాన్ని తెలుగు చేసేవారు ‘రక్షణ పూత’ అని రాస్తే ఆంగ్లంలోని అస్పష్టత తెలుగులో పొరపాటుగా స్థిరపడుతుంది. ఎందుకంటే ఆంగ్లంలో ‘కోటు’ అనే మాటకు గొర్రెబొచ్చు వంటి, జంతువు ఒంటిమీద పుట్టిపెరిగే కప్పు అనే అర్థం కూడా ఉంది. తెలుగు ‘పూత’కు ఆ అవకాశం చాలా తక్కువ.

‘మామిడి పూత’ సంగతేమిటని ప్రశ్న రావచ్చు. అది లోపలినుంచి వచ్చేదే కదా! తెలుగులో ‘పూయు’ అనే ఒకే రూపం పులమడానికీ పుష్పించడానికీ చెల్లుతుంది. తమిళంలో పులమడానికి ‘పూచు’, పుష్పించడానికి ‘పూ’ అని ధాతువులు విడివిడిగా ఉన్నాయి. తెలుగులో రూపసామ్యం వల్ల రెండూ కలిశాయి. ఆనోడిక్ పొర మామిడి పూతకు దగ్గర, గోడమీది పూతకు దూరం. కాని లోహం పక్కన ‘పూత’ అనే మాట నిలిచినప్పుడు ఏ పాఠకుడికీ మామిడిచెట్టు స్ఫురించదు. సందర్భం ఎన్నుకునే అర్థం పులమడమే. కనుక ఆ శ్లేషతో సమర్థించుకోవడం చమత్కారమే అవుతుంది కాని పరిభాష కాదు.

‘పూత’ అనే మాట అసలు దెబ్బతీసేది మిశ్రమలోహాల దగ్గర. రంగు వేసేవాడికి అడుగున ఏ లోహముందన్నది పెద్ద ప్రశ్న కాదు. పొర లోహంనుంచే పుట్టేటప్పుడు లోహపు కూర్పే పొర కూర్పును నిర్ణయిస్తుంది. 6 శాతం అల్యూమినియం, 4 శాతం వనేడియం గల టైటానియం మిశ్రమలోహాన్ని తీసుకుందాం. విమానాలలోను, ఎముకలకు అమర్చే కృత్రిమభాగాలలోను దీని వాడుక విస్తారం. దీనిలో ఆల్ఫా, బీటా అనే రెండు ప్రావస్థలు పక్కపక్కన ఉంటాయి. వనేడియం ఎక్కువగా ఉన్న బీటా భాగంమీద పుట్టిన ఆక్సైడు ఫ్లోరైడు ద్రావణంలో త్వరగా కరిగిపోతుంది. అందువల్ల ఒకే ముక్కమీద ఒకచోట చక్కని నానోనాళికలు నిలుస్తాయి, పక్కనే గుంటలు పడతాయి. రాగి కలిసిన అల్యూమినియం మిశ్రమలోహాలలో రాగి అధికంగా గల కణాలు పొర సమత్వాన్ని భంగపరుస్తాయి. సిలికాన్ ఎక్కువగా గల పోతలోహం మీద పొర నల్లబారుతుంది.

‘పూత’ అని నేర్చుకున్న విద్యార్థి ఈ అసమత్వాన్ని చూసి, పూత సరిగా వేయలేదనుకుంటాడు. తప్పు వేసినవాడిదో ద్రావణానిదో అవుతుంది. ‘లోహం కట్టిన పొర’ అని నేర్చుకున్న విద్యార్థి ఈ రెండు ప్రావస్థలు వేరువేరుగా పొర కడుతున్నాయేమోనని లోహంవైపు చూస్తాడు. పరిశోధన మొదలయ్యేది ఆ రెండవ ప్రశ్నతోనే.

‘మిశ్రమలోహం’ అనే మాటనూ ఇక్కడ ఒకసారి పరీక్షించాలి. మిశ్రమం అనగానే పంచదార కలిసిన నీటివలె అంతటా ఒకే తీరున కలిసిపోయిన పదార్థం స్ఫురిస్తుంది. ఆనోడీకరణం ఆ భ్రమను తొలగిస్తుంది. కంటికి ఒకటిగా కనిపించే లోహంలోని భిన్నప్రావస్థలను పొర బయటపెడుతుంది. హైదరాబాదులో 1973లో స్థాపితమైన మిధానిలో టైటానియం మిశ్రమలోహాలు తయారవుతాయి. ఆ సంస్థ పూర్తిపేరు మిశ్ర ధాతు నిగం. సాహిత్యవిద్యార్థికి ‘ధాతువు’ అంటే క్రియకు మూలం. ధాతువును బట్టి క్రియ నడిచినట్టే లోహాన్ని బట్టి పొర నడుస్తుంది. ఇది కేవలం పోలిక. అయినా పరిభాషను ఎంచుకునేవారు మరచిపోకూడని పోలిక.

5. రంధ్రవాచకాల ఔచిత్యం:

తెలుగులో రంధ్రానికి మాటలు కొరవడలేదు. చిల్లు, కన్నం, బెజ్జం, తూటు, బొరియ, తొర్ర, గుల్ల. ఇవి పర్యాయపదాలు కావు. చిల్లు ఇటునుంచి అటు పోతుంది, దాని ఫలితం కారడం. బెజ్జం సూదికి ఉంటుంది, కావాలని చేసినది. కన్నం దొంగ వేస్తాడు. కొయ్యనో ఎముకనో ‘గుల్లబారింది’ అంటే సత్తువ పోయిందని అర్థం. తాటిమానును తొలిచి కొల్లేటిలో నడిపే దోనెను తయారుచేస్తారు. దోనె బోలు భాగం గొడ్డలి, బాడిసెల పనివల్ల ఏర్పడినది.

ఆనోడిక్ పొరలోని రంధ్రం వీటిలో దేనికీ చెందదు. అది ఇటునుంచి అటు పోదు. అడుగున అడ్డుపొర మూసే ఉంటుంది. కనుక చిల్లు కాదు. ఎవరూ పైనుంచి తొలచలేదు, కనుక దోనెలోని బోలు వంటిది కాదు. అడుగు లోహంలోకి దిగుతుండగా చుట్టూ గోడ నిలిచిపోవడంవల్ల ఏర్పడుతుంది. నూతిలో వరలు దించేటప్పుడు అడుగున తవ్వినకొద్దీ వర దిగి గోడ పొడవవుతుంది. ఈ పోలిక కొంతవరకే పనికివస్తుంది. వరను బయటినుంచి తెస్తారు, ఇక్కడ గోడ అక్కడే పుడుతుంది.

‘తేనెపట్టు గది’ అనే పోలిక ఎక్కువ దూరం వస్తుంది. షడ్భుజాకారం, గదుల మధ్య ఉమ్మడి గోడ, ఒకవైపు మాత్రమే తెరచి ఉన్న నోరు, అన్నీ సరిపోతాయి. ‘గది’ అనే మాటకు మరో ప్రయోజనమూ ఉంది. గదిలో ఏదైనా ఉంచవచ్చు. పరిశోధకులు ఈ రంధ్రాలలో రంగులను, ఔషధాలను, ఇతర లోహాల నానోతీగలను నింపుతున్నారు. ‘గుల్ల’ అంటే లోపం, ‘గది’ అంటే చోటు. రంధ్రయుతత్వం బలహీనత అనే తెలుగు సంస్కారాన్ని సరిదిద్దగలిగిన మాట ఇది. కనుక మొత్తం పొరకు ‘నానోరంధ్రయుత పొర’ అనే పారిభాషికపదాన్ని నిలుపుకుంటూ, వివరణలో ‘గది’, ‘గోడ’, ‘అడుగుపొర’ అనే తెలుగు మాటలను వాడడం ఉచితం.

రంధ్రాల నోళ్ళను మూసే దశను పరిశ్రమలో ‘సీలింగు’ అంటారు. దీనికి ‘మూత వేయడం’ అని రాస్తే మళ్ళీ ‘వేయు’ దగ్గరికే చేరతాం. వేడినీటిలో ఉంచినప్పుడు ఆక్సైడు నీటిని కలుపుకొని బోమైటుగా మారి ఉబ్బుతుంది. గోడలు ఉబ్బడంవల్ల నోరు మూసుకుపోతుంది. వానాకాలంలో చెక్కతలుపు ఉబ్బి బిగుసుకున్నట్టు ఇక్కడ రంధ్రం ‘ఉబ్బి మూసుకుంటుంది’. ఈ దశకు కూడా లోపలినుంచి జరిగే పనిని చెప్పే క్రియే కావాలి.

6. ‘సూక్ష్మ’ – ‘నానో’:

సూక్ష్మజీవి, సూక్ష్మదర్శిని అన్నప్పుడు ‘సూక్ష్మ’ మైక్రో అనే ప్రమాణానికి సమానార్థకంగా నిలిచింది. నానోరంధ్రాలను ‘సూక్ష్మరంధ్రాలు’ అంటే వెయ్యిరెట్ల తేడా మాయమవుతుంది. ‘అణురంధ్రాలు’ అన్నా చిక్కే. అణువులకంటే ఈ రంధ్రాలు చాలా పెద్దవి. మరో చిక్కు కూడా ఉంది. రసాయనశాస్త్రపు అంతర్జాతీయ వర్గీకరణ ప్రకారం 2 నానోమీటర్లకంటే చిన్న రంధ్రాలనే ‘మైక్రో’ అంటారు. 2 నుంచి 50 వరకు ‘మీసో’, 50 దాటితే ‘మాక్రో’. అంటే ‘సూక్ష్మరంధ్రం’ అనే తెలుగుమాట మూడు భిన్నార్థాలకు దారితీస్తుంది. ఇటువంటిచోట ‘నానో’ను యథాతథంగా తీసుకోవడమే మేలు. సంస్కృతీకరణ ఎల్లవేళలా స్పష్టతకు దారితీయదు.

ఈ తేడాకు ఆచరణలో విలువ ఉంది. టైటానియం నానోనాళికల మీద మూలకణాల ప్రవర్తనను పరిశీలించిన పార్క్, ష్ముకి తదితరుల 2007 నాటి అధ్యయనంలో, 15 నానోమీటర్ల నాళికలమీద కణాలు బాగా అంటుకుని పెరిగాయి. 100 నానోమీటర్ల దగ్గర వాటి మనుగడే దెబ్బతిన్నది. ఎముకలో అమర్చే లోహానికి ‘సూక్ష్మరంధ్రాల పొర’ ఉందని రాయడం, రోగికి మేలు చేసే పరిమాణాన్నీ కీడు చేసే పరిమాణాన్నీ ఒకే మాటలో కట్టివేయడమే.

7. ప్రక్రియకు పేరు:

ఆనోడు అనే మాటను 1834లో మైకేల్ ఫారడే, విలియం వ్యూవెల్ సహాయంతో గ్రీకు మూలాలనుంచి కల్పించాడు. తెలుగులో ఆనోడుకు ‘ధనధ్రువం’ అన్న మాట ప్రచారంలో ఉంది. అభూతతద్భావంలో వచ్చే ‘ఈకరణ’ రూపాన్ని దీనికి చేరిస్తే ‘ధనధ్రువీకరణం’ అవుతుంది. ధనధ్రువం కానిదానిని ధనధ్రువంగా చేయడం అనే వ్యుత్పత్తి శాస్త్రరీత్యా నిర్దుష్టమే. కాని వాడుకలో ‘ధ్రువీకరణ’ అనగానే తహసీల్దారు కార్యాలయపు ధ్రువీకరణపత్రం గుర్తుకువస్తుంది. ధనానికి ధ్రువీకరణ అంటే ఆదాయపత్రమే. వ్యుత్పత్తి శుద్ధంగా ఉన్నంతమాత్రాన పదం పనికిరాదనడానికి ఇంతకంటే చక్కని నిదర్శనం అక్కరలేదు. ‘ఆనోడీకరణం’ అన్యదేశ్యమూలానికి తత్సమప్రత్యయం చేరిన సంకరరూపమే అయినా అర్థసందిగ్ధత లేనిది. పేరుగా దానిని తీసుకొని, వివరణను ‘పొర కట్టించడం’ అనే తెలుగుక్రియతో నడపడం ఉభయతారకం.

8. పూర్వపక్షాలు – సమాధానాలు:

ఒకటి: పరిశోధన అంతా ఆంగ్లంలోనే సాగుతున్నప్పుడు తెలుగు క్రియల చర్చ ఎందుకు? పరిశోధకుడు ఆంగ్లంలో రాసినా, లోహం గురించిన అతని తొలి ఊహలు ఇంటిలో, బడిలో విన్న మాటలతో ఏర్పడ్డవే. కళాయి, తుప్పు, చిలుము అనే అనుభవాలతోనే అతడు కొత్తదానిని పోల్చుకుంటాడు. ఆ పోలిక ఎక్కడ సరిపోతుందో, ఎక్కడ విరిగిపోతుందో చెప్పవలసినది ఆ మాటలు పుట్టిన భాషలోనే.

రెండు: తుప్పు కూడా లోహంనుంచి పుట్టేదే. అటువంటప్పుడు ‘కట్టు’ను ఆనోడిక్ పొరకే పరిమితం చేయడం సబబా? ఇది బలమైన అభ్యంతరం. రసాయనికంగా రెండూ లోహం ఆక్సీకరణం చెందగా ఏర్పడేవే. తేడా అంటిపెట్టుకునే గుణంలో ఉంది. 1923లోనే పిల్లింగ్, బెడ్‌వర్తులు ఆక్సైడు ఘనపరిమాణానికీ అది వాడుకున్న లోహపు ఘనపరిమాణానికీ గల నిష్పత్తిని చర్చించారు. అల్యూమినియానికి అది సుమారు 1.28. ఇనుముకు ఫెర్రిక్ ఆక్సైడు విషయంలో 2 దాటుతుంది. నీరు చేరిన తుప్పు మరింత ఉబ్బి పొలుసులుగా రాలుతుంది. ఈ నిష్పత్తి ఒక్కటే అంతా తేల్చదు. అయినా రాలిపోయే పొరకు ‘పట్టు’, నిలిచి కాపాడే పొరకు ‘కట్టు’ అనే వాడుకభేదం భౌతికభేదానికి చేరువగానే ఉంది.

మూడు: మీగడ, పక్కు వంటి పోలికలు శాస్త్రం కావు. నిజమే. మీగడను తీసివేయవచ్చు, ఆనోడిక్ పొరను అలా ఒలవలేం. ఇంకా దగ్గరి పోలిక కావాలంటే చెట్టు బెరడును చూడాలి. బెరడులో కొత్తది లోపల, పాతది బయట. ఆనోడిక్ పొరలోనూ అంతే. పోలికను హద్దులు చెప్పి వాడినప్పుడు అది బోధనకు ఉపకరిస్తుంది. ‘పూత’ వంటి మాటతో వచ్చే చిక్కేమంటే అది పోలిక అని తెలియకుండానే పోలికగా పనిచేస్తుంది, హద్దులు చెప్పే అవకాశం ఇవ్వదు.

9. ముగింపు:

ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ పదాలతో, 1971లో చేనేత పదాలతో వెలువరించిన మాండలిక వృత్తిపదకోశాలు, వృత్తికారుల మాటలలో ఎంత కచ్చితమైన భేదజ్ఞానం ఉందో నిరూపించాయి. లోహపు పనివారి మాటలను, గృహిణులు గిన్నెల గురించి వాడే మాటలను అదే దృష్టితో, క్రియలతో సహా సేకరించి శాస్త్రపరిభాషకు అనుసంధించవలసి ఉంది. ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి.

1. తెలుగులో లోహపు పైపొరను చెప్పే క్రియలు మూడు వర్గాలు. ‘పట్టు’ ఆక్రమణను, ‘వేయు/పూయు’ బయటి కర్తృత్వాన్ని, ‘కట్టు’ వస్తువు తననుంచి తాను పొరను ఏర్పరచుకోవడాన్ని సూచిస్తాయి.

2. ఆనోడీకరణాన్ని ‘పూత’ అనడం, పొర లోహంనుంచి పుడుతుందనే మూలసత్యాన్ని కప్పివేస్తుంది. మిశ్రమలోహపు కూర్పు పొరను నిర్ణయిస్తుందనే ప్రశ్నకు దారి మూసివేస్తుంది.

3. ‘ఆక్సైడు పొర కట్టించడం’ అనే ప్రేరణార్థకప్రయోగం, మనిషి ప్రేరణనూ లోహపు కర్తృత్వాన్నీ ఏకకాలంలో చెప్పగలదు.

4. ‘చిల్లు’, ‘గుల్ల’ వంటి లోపసూచకాలకు బదులు వివరణలో ‘గది’, ‘గోడ’, ‘అడుగుపొర’ అనే మాటలు ఉచితం. ‘సూక్ష్మ’కు బదులు ‘నానో’ను నిలుపుకోవాలి.

5. ప్రక్రియానామంగా ‘ఆనోడీకరణం’ గ్రాహ్యం. ‘ధనధ్రువీకరణం’ వ్యుత్పత్తి శుద్ధమైనా వాడుకలో సందిగ్ధం.

పరిభాషానిర్మాణంలో నామవాచకాన్ని అరువు తెచ్చుకోవడం తప్పు కాదు. అరువు తెచ్చుకోనవసరం లేని క్రియ ఇంట్లో ఉండగా, దానిని విడిచి సరిపడని క్రియను వాడడమే విమర్శకు గురికావలసిన విషయం. ద్విభాషాపాఠ్యపుస్తకాలు, తెలుగు మాధ్యమ ఇంజనీరింగు పాఠాలు రూపుదిద్దుకుంటున్న ఈ తరుణంలో, ఆ పాఠాలను పరిశీలించే సంఘాలలో రసాయనశాస్త్ర అధ్యాపకుని పక్కన తెలుగు అధ్యాపకుడు కూడా కూర్చోవాలి. కూర్చున్నవాడు అక్షరదోషాలు దిద్దడంతో ఆగకుండా, వాక్యంలో కర్త ఎవరని అడగాలి.